కీవ్‌లో పెట్టిన తెలుగు సంతకం

కెనడా నుంచి వచ్చిన ఆ కవరు నా చేతికి అందేసరికి దానికి కుడి మూల లేదు. స్టాంపు ఉండవలసిన చోట ఎవరో శ్రద్ధగా చింపినట్టు నలుచదరపు కన్నం ఉంది. దోహాలో మా కంపెనీ వాళ్ళందరి ఉత్తరాలూ ఒకే పోస్టు బాక్సుకు వచ్చేవి. వాటిని మందూబ్ తెచ్చేవాడు. మందూబ్ అంటే ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగి మా వీసాలూ కార్డులూ చేయించే స్థానికుడు. మా పాస్‌పోర్టులున్న ఇనప బీరువా తాళం కూడా ఆయన దగ్గరే ఉండేది. ఆఫీసు నుంచి ఉమ్ ఘువైలినాలోని మా ఇంటికి నడిస్తే ఇరవై నిమిషాలు. ఉత్తరానికి మాత్రం రెండు రోజులు పట్టేది. మిగతా సమయం అది ఎవరి దగ్గర గడిపి వస్తుందన్నది మా ఇంట్లో ఎప్పుడూ తేలని చర్చ.

ఇంట్లో మేం ముగ్గురం. స్టోర్ కీపర్ గారిది గోదావరి జిల్లా, బి.కాం. చదివారు. ఆయన ఆవకాయ జాడీకి బయట పెన్సిలుతో గీత గీసుకునేవారు. ఊరగాయ దిగినప్పుడల్లా గీత కూడా దిగేది, మా మీద ఆయనకున్న అభిప్రాయంతో పాటు. మేస్త్రీది నిజామాబాద్ వైపు పల్లె, నాకన్నా పదేళ్ళు పెద్ద. బొంబాయిలో ఏజెంటు అతనికి కాగితం చదివి వినిపించినప్పుడు అందులో ‘మేస్త్రీ’ అని ఉంది. వేలిముద్ర వేసి విమానం దిగాక అదే కాగితంలో ‘హెల్పర్’ అని ఉంది. గోడలు కట్టే చేతులతో ఏడాది పాటు ఇటుకలు మోశాడు. ఆ ఏడాదిలోనే, ఊరి నుంచి పొట్లాలు చుట్టి వచ్చే పేపరు ముక్కలు పెట్టుకుని, సాయంత్రాలు నా దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. చదవడం వచ్చాక కాగితాల మీద అతనికి అనుమానం తగ్గుతుందనుకున్నాను. ఇంకాస్త పెరిగింది.

ఇక మా ఇంట్లో నేరమంటూ ఉంటే అది నాది. నేను కీవ్‌లో ఇంజనీరింగ్ చదివాను. ఉద్యోగానికి దరఖాస్తులో ‘యూరప్‌లో ఉన్నత విద్య’ అని రాశాను. అది అబద్ధం కాదు, భూగోళం. కానీ ఆ రోజుల్లో గల్ఫ్‌లో కమ్యూనిస్టు అన్న మాట చెవిన పడితే మర్నాటి విమానంలో సీటు దొరికేది. చమురు ధర పెరిగిందని రేడియోలో చెప్పినప్పుడల్లా మెసైమీర్‌లో మా సైటు ఒక వరుస పైకి లేచేది. అలాంటి కాలంలో అలాంటి సీటు ఎవరూ కోరుకోరు. మా వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయ్, సోవియట్ దేశమంతా రష్యా. కాబట్టి వాళ్ళ లెక్కలో నేను రష్యా నుంచి దుబాయ్ వచ్చాను. నేను ఎక్కడున్నానో సరిగా తెలియని వాళ్ళు ఉండటం నాకు క్షేమంగానే తోచి, సరిచేయలేదు.

కవరులో ఇంగ్లీషులో టైపు చేసిన పేజీ ఒకటి ఉంది. రాసింది కెనడాలో స్థిరపడిన ఉక్రేనియన్ల కమిటీ. కీవ్‌లో విదేశీ విద్యార్థులకు పాఠాలు చెప్పిన ఒక కవయిత్రికి ఏడేళ్ళ శిక్ష పడిందనీ, ఆమె లేబర్ క్యాంపులో ఉందనీ, ఆరోగ్యం బాగాలేదనీ రాశారు. కేసు నిలబడింది రెండు వాంగ్మూలాల మీద. అందులో ఒకటి ఒక భారతీయ విద్యార్థిది. ఆ విద్యార్థి మీరేనా? అందులో ఉన్నది నిజమా? కాకపోతే ఆ మాటే రాసి, సంతకం పెట్టి పంపగలరా? కేసు కాగితాల నకలు మాకు చేరింది, కోరితే ఫొటోస్టాట్ పంపుతాం.

మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆమె కోసం. రెండోసారి, ఇది నిజంగా కెనడా నుంచే వచ్చిందా అని. మూడోసారి, నా చిరునామా వీళ్ళకు ఎవరిచ్చారా అని. ఆరేళ్ళు కీవ్‌లో బతికినవాడు ఇలాంటి ఉత్తరం రాయించగల కనీసం ముగ్గురిని ఊహించగలడు, వాళ్ళలో ఇద్దరు కెనడా మొహం చూడని వాళ్ళు. చివరికి హాస్టల్లో నా పక్క మంచం వాడు గుర్తుకొచ్చాడు. చదువయ్యాక ఎవరి ఇళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయినా ఏటా జనవరి ఒకటికి కార్డు పంపేవాడు. చిరునామా ఇచ్చింది వాడే అయి ఉంటాడు. అంతవరకూ వాడిని మంచివాడనే అనుకునేవాణ్ణి.

“ఏవండీ, కెనడాలో మీకు ఎవరున్నారండీ?” అని స్టోర్ కీపర్ గారు కన్నంలోంచి నన్ను చూస్తూ అడిగారు. కవరు ఎప్పుడో ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది.

దాచడం మొదలుపెడితే అనుమానం పెరుగుతుందని ఆ శుక్రవారం భోజనాలయ్యాక ఇద్దరికీ చెప్పేశాను. మేస్త్రీ వింటూ వింటూ మధ్యలో ఆపాడు.

“ఆమె గూడ క్యాంపులనే ఉన్నదా సారు? ఏ కంపెనీ?”

“గవర్నమెంటుది.”

“పాస్‌పోర్టు గుంజుకున్నరా?”

“మొట్టమొదట చేసింది అదే.”

“డ్యూటీ ఏంది?”

“చేతి తొడుగులు కుట్టాలట.”

“ఇంకేంది మరి, మన లెక్కనే,” అన్నాడు మేస్త్రీ. ఒక కవయిత్రి జీవితం అంత త్వరగా అర్థం కావడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆమెకు అప్పట్లో యాభై దాటి ఉంటాయి. జీతానికి రష్యన్ నేర్పేది. కోపం వస్తే ఉక్రేనియన్‌లో తిట్టేది. కాబట్టి మా క్లాసులో అందరికీ రెండు భాషలూ ఒకే వేగంతో వచ్చాయి. ఆమెవి రెండు పుస్తకాలు అచ్చయ్యాయి, నది గురించి, గోధుమల గురించి. వాటికి బహుమతి కూడా వచ్చింది. మూడో పుస్తకంలో తన ఊరి మీద ఒక పద్యం ఉంది. ఆమె చిన్నప్పుడు కరువొచ్చిన ఒక ఏడాది ఆ ఊళ్ళో ఒక్క కుక్క కూడా మొరగలేదు. ఎందుకు మొరగలేదో పద్యంలో చెప్పలేదు. చెప్పకపోవడమే ఎక్కువైంది. కుక్కను తీసేసి గాలి అని పెట్టమన్నారట ప్రచురణాలయం వాళ్ళు. “గాలిని ఎవరూ తినరు” అని ఆమె జవాబిచ్చిందట. పుస్తకం ఆగిపోయింది, పేర్చిన అచ్చు అక్షరాలు మళ్ళీ డబ్బాల్లోకి పోయాయి.

తర్వాత ఆమెకు తెలిసిన ఒక కుర్ర సంపాదకుణ్ణి పట్టుకుపోయారు. కోర్టు తలుపు బయట మూడు రోజులు నిలబడి వచ్చి, ఆమె కవిత్వం ఆపేసి జాబితాలు రాయడం మొదలుపెట్టింది. ఎవరిని ఎప్పుడు తీసుకెళ్ళారు, ఏ క్యాంపులో పెట్టారు, ఎవరి పార్సిల్ తిరిగొచ్చింది. ఒక్క విశేషణం ఉండేది కాదు. ఇంజనీరింగ్ విద్యార్థిగా నాకు ఆమె కవిత్వం కన్నా జాబితాలే బాగా అర్థమయ్యేవి. ఆ మాట ఆమెతో అంటే, “నా విమర్శకుల్లో నువ్వొక్కడివే మెరుగు, మిగతావాళ్ళు తుపాకీ పెట్టుకుంటారు” అంది.

పాఠాల నుంచి తీసేసి లైబ్రరీలో కోటు గదిలో వేశారు. మా కోట్లు తీసుకుని నంబరు బిళ్ళలిచ్చేది. అక్కడే ఒక మధ్యాహ్నం నేను అన్నాను, చదువు అయిపోవచ్చింది, ఇంటికి పోతున్నాను, మీ జాబితా ఏదైనా ఉంటే పట్టుకుపోతానని. ఆమె నా కోటు నాకు తొడిగి, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు బొత్తాలన్నీ పైదాకా పెట్టింది. “నీకు డిప్లొమా రావాలి. నడువు” అంది. జేబులు తడుముకుంటూ వచ్చాను, రహస్యంగా ఏమైనా పెట్టిందేమోనని. ఏమీ లేదు. నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

నెల తర్వాత డీన్ గదికి పిలిచారు. సూట్లు వేసుకున్న ఇద్దరున్నారు. ఒకాయన నిమ్మకాయ ముక్క వేసిన టీ ఇచ్చాడు. రెండో ఆయన ఏమీ ఇవ్వలేదు. ఆయనే పెద్ద అని అర్థమైంది. నా వాంగ్మూలం టైపు చేసి సిద్ధంగా ఉంది, నాకు శ్రమ లేకుండా. విదేశానికి చేరవేయమని ఆమె తన జాబితాలు నాకివ్వబోయిందనీ, నేను తిరస్కరించాననీ అందులో ఉంది. జరిగినదానికి సరిగ్గా తలకిందులు. పక్కనే నా డిప్లొమా అట్ట కూడా పెట్టారు. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా సంతకం పెట్టమన్నారు. పద్దెనిమిదేళ్ళప్పుడు దేశభక్తి కొద్దీ పాస్‌పోర్టులో తెలుగులో సంతకం పెట్టాను. కాబట్టి ఇక్కడా తెలుగులోనే పెట్టాలి.

ఇక్కడికి వచ్చేసరికి నా కథకు ఊపు వచ్చేది. అప్పటికి చాలా చోట్ల చెప్పి ఉన్నాను, పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఇక్కడ దోహాలో పండగ భోజనాల్లో. నేను పెన్ను తీసుకుని, నా పేరు రాయాల్సిన చోట, తెలుగులో, వంకర్లు తిప్పి, ‘ఇదంతా అబద్ధం’ అని రాశాను. ఆ ఇద్దరూ తలలు వంచి దాన్ని చూసి, సరేనని తలలూపి, ఫైల్లో పెట్టుకున్నారు. ఎంత పెద్ద రాజ్యమైనా అక్షరాలు రాకపోతే అంతే కదా. ఇక్కడ నవ్వు వచ్చేది, ఎప్పుడూ వచ్చేది.

స్టోర్ కీపర్ గారు పెద్దగా నవ్వారు. “అద్గదండీ తెలుగోడంటే!” అన్నారు. మేస్త్రీ నవ్వలేదు.

“పాస్‌పోర్టు వాళ్ళ కాడనే ఉండె కద సారు?”

“ఉంది.”

“మరి దాంతోని పోల్చి చూడలేదా?”

దీనికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. “పోల్చడానికి వాళ్ళకు తెలుగు రావాలిగా మేస్త్రీ.”

“అక్షరాలు రాకున్నా బొమ్మ కలుస్తదా కలువదా అన్నది తెలుస్తది సారు. నాకు చదువు రానప్పుడు గట్లనే పోల్చేటోణ్ణి. చదువొచ్చినోడే పైపైన చూస్తడు, రానోడు ఒక్కొక్క వంకరా చూస్తడు.” చెయ్యి చాపి అన్నాడు, “అవద్ధమని రాసినవని నువ్వు చెప్తున్నవు. కాయిదం ఏది?”

నాకు కోపం వచ్చింది. నా దగ్గర ఓనమాలు నేర్చుకున్న మనిషి నా మీదే వాటిని వాడుతున్నాడు. ఆ కోపంలోనే కెనడాకు జవాబు రాశాను: ఆ విద్యార్థి నేనే, దయచేసి ఫొటోస్టాట్ పంపండి. కవయిత్రి కోసం రాశానని చెప్పుకోవచ్చు. నిజానికి మేస్త్రీ ముందు గెలవడానికి రాశాను.

ఎదురుచూసిన ఆరు వారాలూ ఇంట్లో రేడియో కూడా చిన్నగానే పెట్టుకున్నాం. ఆఫీసులో ఎవరు నా వైపు చూసినా విమానం సీటు కనిపించేది. ఒక రోజు మందూబ్ పిలిపించాడు. తలుపు వేశాడు. తనకూ మాకూ మధ్య నడిచే హిందీలో, “కెనడా సే చిట్ఠీ ఆయా?” అన్నాడు. వచ్చిందన్నాను. “ఫిర్ ఆయేగా?” మళ్ళీ వస్తుందా అని. రావచ్చన్నాను. ఆయన సొరుగు తెరిచి ఒక ఆల్బమ్ తీసి బల్ల మీద పెట్టాడు. లోపల వరసలు వరసలుగా స్టాంపులు. వాళ్ళమ్మాయి పోగుచేస్తుందట. కెనడా పేజీలో ఒక్కటే ఉంది, పక్కన ఖాళీ. ఆ ఖాళీ వైపు వేలు పెట్టి, “యల్లా, జల్దీ,” అన్నాడు, తొందరగా తెప్పించమని.

బయటపడ్డాననుకుని ఇంటికొచ్చి ఇద్దరికీ చెప్పాను. స్టోర్ కీపర్ గారు మాత్రం ఆల్బమ్‌ను నమ్మలేదు. “అమ్మాయి ఉందో లేదో ముందు కనుక్కోండి” అన్నారు.

రెండో కవరు కూడా మూల లేకుండానే వచ్చింది. శుక్రవారం. వంట అయింది, ఇంకా వడ్డించుకోలేదు. నేను కవరు చింపి, లోపల చూడకుండానే, ఫొటోస్టాట్‌ను మేస్త్రీ చేతికిచ్చాను. అంత నమ్మకం నాకు. “చదువు,” అన్నాను.

కాగితమంతా రష్యన్. కింద ఒక్క పంక్తి తెలుగు. అతను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, నేను నేర్పినట్టే, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. మొదటి అక్షరం ‘ఇ’ కావాలి. కాలేదు. అది మా ఇంటిపేరు మొదటి అక్షరం. తర్వాత మా తాతగారి పేరు, అదే నాదీ. పూర్తిగా, ఒక్క ఒత్తు కూడా తప్పకుండా, చూచిరాతలో బహుమతి వచ్చినవాడు రాసినట్టు. కింద తేదీ కూడా వేశాను.

“సంతకం మంచిగున్నది సారు,” అన్నాడు మేస్త్రీ. ఎగతాళి కాదు. కాగితం జాగ్రత్తగా మడిచి నాకిచ్చి, పళ్ళాలు తేవడానికి లేచి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం నేను చాలా ఆలోచించాను. అలాంటి వాంగ్మూలాలకు మూడు ప్రతులుండేవి కదా, ఇంకో ప్రతి మీద రాశానేమో. నేను రాసింది వాళ్ళు కొట్టేసి కొత్తది తెచ్చారేమో. చివరికి డీన్ గది బయటి మెట్లు గుర్తొచ్చాయి. వెడల్పాటి రాతి మెట్లు. డిప్లొమా చంకలో పెట్టుకుని దిగుతూ ‘ఇదంతా అబద్ధం అని రాసి ఉంటే ఎంత బాగుండేది’ అనుకున్నాను. మెట్ల మీద అనుకున్నదాన్ని గదిలో చేసినట్టు ఇన్నేళ్ళూ దాచుకున్నాను. అందరినీ అనుమానించే ఇంట్లో ఉంటూ, నేను అనుమానించని మనిషి ఒక్కడే మిగిలాడు, ఆ ఒక్కడే దొంగ.

స్టోర్ కీపర్ గారు మంచం దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, మంచి సలహా ఇచ్చారు. “అది మీ సంతకం కాదని రాసెయ్యండి. ఫోర్జరీ. కెనడాలో తెలుగు ఎవడికొచ్చండీ? ఆవిడకీ మేలే, మీకూ మేలే. మనకెందుకండీ ఈ గోలంతా.”

అది చెడ్డ సలహా కాదు. ఆమెకు నిజం కన్నా కూడా అదే ఎక్కువ పనికొచ్చేదేమో, ఇప్పటికీ నాకు తెలియదు. భయపడి అబద్ధానికి సంతకం పెట్టానని రాస్తే అది ఎవరి బల్ల మీదికైనా చేరవచ్చు, మా పాస్‌పోర్టులున్న మందూబ్ బీరువా పక్కకు కూడా. ఫోర్జరీ అంటే నేను అసలు కథలోనే లేను. ఆ రాత కోసం కాగితం కూడా తీసుకున్నాను.

మేస్త్రీ చూస్తున్నాడు. “ఏం రాస్తవో రాయి సారు. కానీ ఇద్దరు సాక్షులు ఉండాలె. లేకుంటే అది కాయిదం కాదు. ఇద్దర్ల ఒకణ్ణి నేను.”

“నీకెందుకు మేస్త్రీ? నిన్ను కూడా పంపించేస్తారు.”

“పంపితే పంపుతరు. ఇంతకు ముందు ఒక కాయిదం చదువకుండ ముద్రేసిన. ఇప్పుడు చదివి పెడ్త. కానీ నేను చదివినంక నిజమైతేనే పెడ్త.”

ఫోర్జరీ అక్కడ ముగిసింది. ఆ మనిషి ఫొటోస్టాట్ కూడబలుక్కుని చదవడం నేనే చూశాను కదా.

రెండు రకాలుగా రాశాను. కమిటీకి ఇంగ్లీషులో, సాక్షి కోసం తెలుగులో. తెలుగుది ఎలా ఉండాలో మేస్త్రీయే చెప్పాడు. మొదలు తండ్రి పేరు, ఊరు, తాలూకా. తర్వాత ‘నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా’ అన్న మాట. ఆ మాట కీవ్ కాగితంలో కూడా ఉందని చెప్పాను. “అందులో ఉంటది సారు. అవద్ధపు కాయిదంలనే మొదలు రాస్తరు. ఇందుల నిజం చెయ్యి,” అన్నాడు. ఆమె నాకు ఏ కాగితమూ ఇవ్వలేదనీ, నేనడిగితే వద్దని నా కోటు బొత్తాలు పెట్టి పంపిందనీ, డిప్లొమా పోతుందని భయపడి నేను అబద్ధం మీద సంతకం చేశాననీ రాశాను.

మేస్త్రీ తెలుగు కాగితం చదవడానికి గంట పట్టింది. నేను వేరే పనేదో చేస్తున్నట్టు నటించాను. ఒక చోట వేలు ఆగింది.

“‘గదిలో అసలైనది టీలోని నిమ్మకాయ ముక్క ఒక్కటే.’ ఇదెందుకు సారు?”

“చదివేవాళ్ళకు కాస్త...”

“ఆమె చదువుతదా దీన్ని?”

“బతికి బయటపడితే చదవవచ్చు.”

“అయితే కొట్టెయ్.”

కొట్టేశాను. ఇంగ్లీషులోనూ కొట్టేశాను. నా రచనలన్నిటిలో నాకు నచ్చిన వాక్యం అది. అది లేకపోవడం వల్ల ఆ కాగితానికి ఏ నష్టమూ జరగలేదు.

నేను సంతకం చేశాను, తెలుగులో. పక్కన మేస్త్రీ ‘సాక్షి’ అని రాసి, నాలుక బయటపెట్టి, తన పేరూ తండ్రి పేరూ ఊరి పేరూ రాశాడు. వేలిముద్ర లేకుండా అతను పెట్టిన మొదటి సంతకం అది. స్టోర్ కీపర్ గారు తనకేమీ తెలియదన్నట్టు ఆవకాయ జాడీ తుడుస్తూ కూర్చున్నారు. కాసేపటికి వచ్చి, ఇంగ్లీషు కాగితంలో రెండు కామాలు సరిచేశారు. ఇంకోసారి చదివారు. “నా అక్షరాలు ఇందులో పడ్డాక ఇక దాచేదేముందండీ,” అని రెండో సాక్షి గడిలో సంతకం పడేశారు. తర్వాత వారం రోజులు ఆయన మాతో మాట్లాడలేదు.

పెద్ద పోస్టాఫీసుకు నేనే నడిచి వెళ్ళి రిజిస్టరు చేశాను. అందిందని కమిటీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ కవరుకు మాత్రం మూల ఉంది, ఎందుకో. స్టాంపు నేనే చింపి మందూబ్‌కు తీసుకెళ్ళాను. కెనడా పేజీలో అప్పటికి రెండున్నాయి. దాన్ని మూడో చోట పెట్టి చూసుకుని, పక్కన ఇంకా ఖాళీ ఉందని చూపించాడు. అమ్మాయి ఉందో లేదో నేను అడగలేదు.

ఆమె శిక్ష పూర్తయ్యాకే బయటికి వచ్చిందని హాస్టల్ మిత్రుడు ఒక జనవరి కార్డులో రాశాడు. ఒక్క రోజు కూడా తగ్గలేదు. మా కాగితం ఎవరి బల్ల దాకా వెళ్ళిందో, ఆమె చదివిందో లేదో తెలియదు. మళ్ళీ జాబితాలే రాస్తోందట. నా పేరు ఏ జాబితాలో ఉంటుందో ఊహించగలను. అందులోనూ విశేషణాలు ఉండవు, అదొక్కటే ధైర్యం.

సంతకం కథ నేను మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. స్టోర్ కీపర్ గారు చెబుతారు. రిటైరై కాకినాడలో స్థిరపడ్డాక కూడా, ఏ పెళ్ళిలో కలిసినా, నలుగురిని కూర్చోబెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, పాత పద్ధతిలోనే చెబుతారు: పేరుండాల్సిన చోట ‘ఇదంతా అబద్ధం’ అని రాసేశాడండీ మా వాడు! జనం విరగబడి నవ్వుతారు. సాక్షిగా సంతకం పెట్టిన మనిషే అలా చెబుతుంటే కాదనడానికి నేను నోరు తెరుస్తాను. అప్పటికే వడ్డన మొదలవుతుంది. కాయిదం ఏదని అడిగే మనిషి ఆ పెళ్ళిళ్ళకు రాడు.